కల్లంలో దగ్గని గొంతు

చనిపోయిన మనిషి ఫోన్ చేసిందంటే నవ్వే రకాన్ని కాదు నేను. డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు చాలా ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీల కోసం చావుల్ని తనిఖీ చేశాను. పాడె కట్టి, దినాలు చేసి, క్లెయిము కూడా పెట్టేసిన మనిషి పిడుగురాళ్ళ బస్టాండులో పుచ్చకాయ తింటూ నాకే ఎదురుపడ్డాడు ఒకసారి. అందుకే సుకన్య నరసరావుపేటలో నా ఆఫీసుకొచ్చి, "మా అమ్మ చనిపోయాక కూడా ఫోన్ చేస్తోంది అక్కా" అన్నప్పుడు నేను అడిగింది ఒక్కటే.

"శవాన్ని నువ్వు చూశావా?"

"చూశా. నీళ్ళు పోసింది నేనే."

దాంతో ఆ దారి మూసుకుపోయింది. వాళ్ళమ్మ వెంకాయమ్మ నిజంగానే చనిపోయింది. గురజాల అవతల వాళ్ళ ఊరి మేజరు కాలవలో, తూము దగ్గర శవం తట్టుకుని దొరికింది. రాత్రంతా నీళ్ళలో నానడంతో చనిపోయిన వేళ ఫలానా అని డాక్టర్లు చెప్పలేకపోయారు. ఆ సంగతి ఫోను చెప్పింది. శవం దొరకడానికి ముందురోజు సాయంత్రం నాలుగింటికి వెంకాయమ్మ నంబరు నుంచి కూతురికి ఫోన్ వచ్చింది. భర్త యల్లమంద తాగొచ్చి కొట్టాడనీ, కాలవకి పోతున్నాననీ చెప్పింది. సుకన్య ఫోను ప్రతి కాల్‌నీ రికార్డు చేస్తుంది. ఆ రికార్డు విన్నాక పోలీసులకు ఇంకేం కావాలి? ఆత్మహత్యకు పురికొల్పాడని యల్లమందని నరసరావుపేట సబ్ జైల్లో పెట్టారు. ఫిర్యాదు మీద సంతకం చేసింది సుకన్యే. ఇవాళ్టిదాకా తండ్రిని చూడటానికి ఒక్కసారి కూడా జైలుకి వెళ్ళలేదు.

"నాన్న ఏమన్నాడు?"

"అబద్ధం అన్నాడు. తను గుంటూరు మిర్చి యార్డు నుంచి మధ్యాహ్నం దాటాక వచ్చాడంట. అప్పటికే అమ్మ లేదంట. అమ్మ గొంతు నేను విన్నా అక్కా. ఆయన మాట ఎట్టా నమ్మాలి?"

పెద్దకర్మ అయిన మర్నాడు రెండో ఫోన్ వచ్చింది. విదేశీ నంబరు. "సుకన్యా, తిన్నావా?" అందట వెంకాయమ్మ. సుకన్య అమ్మా అని అరిచింది. వెంటనే సన్నగా సంగీతం, ఆ వెనక ఎవరో అమ్మాయి ముద్దుముద్దుగా, "మీ ఆత్మీయులతో మాటలు కొనసాగించాలంటే ఒకటి నొక్కండి."

సుకన్య తల దించుకుంది. "నొక్కాను అక్కా."

ఆ పిల్లని తిట్టాలనిపించలేదు నాకు. ఆ ఒకటి నేనైనా నొక్కేదాన్నే.

*

మర్నాడు పొద్దున గఫార్ మామ కార్లో గురజాల దాటి వాళ్ళ కల్లానికి వెళ్ళాం. అబ్దుల్ గఫార్ మా అమ్మకి తమ్ముడు, టాక్సీ నడుపుతాడు. నా దగ్గర ఏ నెలా పూర్తి కిరాయి తీసుకోడు, అందుకు ప్రతిగా దారి పొడుగునా నాకు పెళ్ళి సంబంధాలు చెబుతాడు.

కల్లం ఊరికి దూరం. చుట్టూ కోసేసిన పత్తి చేలు. టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలు ఎండుతున్నాయి. యల్లమంద జైలుకెళ్ళాక ఆ కాయల్ని పక్క పొలం మహాలక్ష్మి చూసుకుంటోంది. ముక్కూ నోరూ మూసేస్తూ తలగుడ్డ బిగించి, మోకాళ్ళ మీద కూచుని కాయలు తిప్పుతోంది.

"ఆ రికార్డు పెట్టు," అన్నాను సుకన్యతో.

ఎర్రటి ఎండలో, మిరపకాయల మధ్య, చచ్చిపోయిన మనిషి మాట్లాడటం మొదలుపెట్టింది.

"సుకన్యా, నేనమ్మా. కల్లంలోనే ఉన్నా. కాయలు తిప్పతన్నా."

"ఏందమ్మా, అట్టా ఉన్నావు?"

"మీ నాన్న యార్డు నుంచి తాగొచ్చాడమ్మా. కాయల మీద పడేసి కొట్టాడు. ఇంక నా వల్ల కాదు. కాలవకాడికి పోతన్నా."

"అమ్మా, ఆగు! నాన్నకియ్యి ఫోను!"

"నువ్వు జాగర్తమ్మా. ఎండలో తిరగబాక."

మహాలక్ష్మి చేతులు ఆగిపోయాయి. సుకన్య మొహం పక్కకి తిప్పుకుంది. నేను మాత్రం మళ్ళీ పెట్టమన్నాను. మూడోసారి కూడా వినిపించమని అడిగితే సుకన్యకి కోపం వచ్చింది.

"ఎన్నిసార్లక్కా? సరదాగా ఉందా నీకు?"

"లేదు. నువ్విప్పుడు ఆ కాయలు తిప్పుతూ, మీ అమ్మ అన్న మాటలే గట్టిగా చెప్పు."

ఆమె విసురుగా వంగి రెండు చేతుల్తో కాయలు ఎత్తిపోసింది. "సుకన్యా, నేనమ్మా, కల్లంలోనే..." అక్కడే అయిపోయింది. గొంతు పట్టుకుని దగ్గడం మొదలుపెట్టింది. కళ్ళ వెంట నీళ్ళు. దూరంగా నిలబడ్డ నాకూ తుమ్ములు ఆగలేదు. గఫార్ మామ అయితే కార్లోనే అద్దాలు ఎక్కించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే మహాలక్ష్మి ఫోన్ మోగింది. ఆమె గుడ్డ విప్పలేదు. ఫోన్ని చెంప దగ్గర తలగుడ్డలోకి దోపుకుని, చేతులు కాయల్లోనే ఉంచి మాట్లాడింది. నోట్లో గుడ్డలు కుక్కుకున్నట్టు మూసుకుపోయి, మధ్యలో రెండు దగ్గులతో వచ్చాయి ఆ మాటలు. మిర్చి కల్లంలో పనిచేసే మనిషి ఎవరైనా అలాగే మాట్లాడాలి.

"మీ అమ్మ కూడా ఇట్లాగే గుడ్డ కట్టుకునేదా?"

"కట్టుకోకుండా కల్లంలోకి అడుగు పెట్టేది కాదు," అంది సుకన్య, ఇంకా దగ్గుతూనే. అంటూనే ఆగిపోయింది. చేతిలో ఫోన్ని చూసింది. ఆమెకి అర్థమైంది.

రికార్డులో గొంతుకి గుడ్డ అడ్డం లేదు. ఒక్క దగ్గు లేదు. తన్నులు తిని, కాయల మీద పడి లేచిన ఆడమనిషి పూజగదిలో కూచుని మాట్లాడినంత నిమ్మళంగా ఉంది. కల్లంలో ఉన్నానని చెబుతున్న ఆ గొంతు, అసలు ఊపిరి పీల్చే చోటే లేదు.

మహాలక్ష్మి తలగుడ్డ కిందికి లాగి లేచి వచ్చింది. "అట్టాంటి గొంతే ఇంకోటి ఉందమ్మా. నాది."

"నీదా?"

"నా గొంతుతో ఎవురో ఊరందరికీ ఫోన్లు చేశారు. ఫలానా మిరప ఇత్తనం బాగుంటది, నేనూ ఏశాను అని. నమ్మి ఏసినోళ్ళ చేలన్నీ పోయినయ్. నేను సెయ్యలేదు మొర్రో అంటే ఎవురింటారు? ఈదిలో నడవనియ్యలా నన్ను. వెంకాయమ్మొదిన ఒక్కతే నమ్మింది. 'నర్సరావుపేట గొంతుల క్యాంపులో పెట్టెలోకి మాట్టాడాం గదే, ఆడ తగలబడింది యవ్వారం. పోయి మన గొంతులు మనకి ఇచ్చెయ్యమంటా' అంది."

క్యాంపు సంగతి తీగలా లాగాను. మిర్చి పనివాళ్ళకి ఉచితంగా గొంతు పరీక్ష అని ఏడాది కిందట ఒక వాయిస్ కంపెనీ పెట్టింది. దగ్గు తెలిస్తే జబ్బు తెలుస్తుందని చెప్పి అందరి చేతా గంటసేపు మాట్లాడించారు, పాడించారు. వెంకాయమ్మ, యల్లమంద, మహాలక్ష్మి ముగ్గురూ వెళ్ళారు.

"మరి వెంకాయమ్మ ఎప్పుడు వెళ్ళింది అడగటానికి?"

"సచ్చిపోయిన్రోజే. పొద్దున్నే నర్సరావుపేట బస్సెక్కింది. యల్లమందన్నయ్య అప్పటికే లారీతో గుంటూరు పోయాడు, ఆయనకి తెలవదు."

"ఇది పోలీసులకి చెప్పావా?"

"నన్నెవురు అడిగారు? ఇత్తనాల దొంగనని మొహాన ఊశారు గానీ."

*

ఊరి వైపు నుంచి తెల్ల కారు వచ్చి కల్లం గట్టున ఆగింది. అందులోంచి దిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. శ్రీహరి. చావుల తనిఖీలో నా పాత బాసు. తెల్ల చొక్కా, తెల్ల బూట్లు, మిర్చి దుమ్ములో కూడా మరక పడనివ్వని మనిషి.

"ఏమ్మా ఆసియా, ఇంకా బతికే ఉన్నావా?"

మా వృత్తిలో అది పలకరింపు. ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు.

"ఉన్నాను సార్. మీరెవరి తరఫున?"

"వాయిస్ కంపెనీ వాళ్ళు నన్ను సలహాదారుగా పెట్టుకున్నారులే. క్యాంపుకొచ్చిన కుటుంబం కష్టంలో ఉంటే చూడాలి గదా. అమ్మాయ్ సుకన్యా, నీకో మంచి మాట. మీ నాన్నకి బెయిలొచ్చింది. జామీనుదారుల్ని నేనే చూశా. మధ్యాహ్నం నేనే దగ్గరుండి కార్లో తీసుకొస్తా."

"ఆ మనిషిని..." అని సుకన్య ఆగింది. బయటికి వదలొద్దని నిన్నటిదాకా అన్న పిల్ల, ఇవాళ ఆ మాట పూర్తి చెయ్యలేదు.

శ్రీహరి అది గమనించాడు. నా వైపు తిరిగాడు. "పిల్ల బుర్రలో ఏం పెట్టావు? గొంతు వాళ్ళమ్మదే. ల్యాబు కూడా తేల్చింది."

"గొంతు ఆమెదే సార్. నోరే ఆమెది కాదు."

"కవిత్వం చెప్పబాక. కోర్టులో ఆధారం కావాలి."

"ఆమె ఆ రోజు కల్లంలో లేదు. పొద్దున్నే నరసరావుపేట వచ్చింది, మీ కంపెనీకి."

శ్రీహరి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "ఎవరు చూశారు?"

రాలేదని అనలేదు. ఎవరు చూశారని అడిగాడు. అన్నేళ్ళు ఆయన దగ్గర పనిచేసి నేర్చుకుంది ఇదే, ఎదుటి మనిషి దేన్ని కాదనలేదో పట్టుకోవడం. ఆ సంగతి ఆయనకీ గుర్తొచ్చినట్టుంది, చూపు గట్టిపడింది.

"ఆసియా, నీ మంచికే చెబుతున్నా. ఇది ఎల్లయ్య పుల్లయ్య చావు కాదు. దీని వెనక దేశాల మధ్య ఒప్పందాలున్నయ్. కంపెనీ సర్వర్లున్న అవతలి దేశం ప్రైవసీ చట్టం మన చట్టానికి సరితూగుతుందని పెద్దవాళ్ళు కూచుని గుర్తించారు. ఆ గుర్తింపు మీద ఎన్నో కంపెనీలు నడుస్తన్నయ్. నువ్వు మిరపకాయల దగ్గు పట్టుకుని దాని మీదికి పోతే నీ బోర్డు మిగలదు."

"దగ్గు గురించి మీకెవరు చెప్పారు సార్? మీరొచ్చాక నేనా మాటే ఎత్తలేదు."

ఆయన మహాలక్ష్మిని చూశాడు, ఆమె ఇంకా తగ్గని దగ్గుతో వంగిపోయి ఉంది. "అదిగో, దగ్గుతోంది గదా," అని నవ్వి కారెక్కాడు. తప్పించుకోవడం తెలిసిన మనిషి.

*

నరసరావుపేట తిరుగు దారిలో సుకన్య ఫోన్ మోగింది. విదేశీ నంబరు. స్పీకరు పెట్టమన్నాను.

"సుకన్యా, తిన్నావా?"

గఫార్ మామ బిస్మిల్లా అనుకుంటూ కారు పక్కకి ఆపేశాడు. కారు నిండా ఆ గొంతే. ఎంత ప్రేమగా ఉందో ఏం చెప్పను. మనిషి చచ్చిపోయింది, ప్రేమ మాత్రం ఎక్కడో డబ్బాలో పెట్టి ఉంచినట్టుంది.

నేను ఫోన్ దగ్గరికి వంగాను. "పిన్నీ, ఆ రోజు పొద్దున నరసరావుపేట బస్సు దిగాక ఎక్కడికెళ్ళావు?"

అటువైపు గాలి చప్పుడు లేదు, ఊపిరి లేదు.

"నువ్వెవరమ్మా? మా సుకన్య స్నేహితురాలివా? ఎండలో తిరగబాకండి."

సుకన్య ఫోన్ లాక్కుని ఆపేసింది. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో మూసింది. "ఇది కాదక్కా మా అమ్మ. మా అమ్మయితే ముందు తిట్టేది. రోజూ ఇంత మెత్తగా మాట్టాడుతుంటే... తెలుస్తానే ఉంది. అయినా వినాలనిపించింది."

"విన్నందుకు నీ తప్పేం లేదు," అన్నాను. ఆ డబ్బాలో పెట్టినవాళ్ళ మీద మాత్రం నా ఒళ్ళు మండిపోతోంది.

*

వాయిస్ కంపెనీ ప్రైవసీ ఆఫీసరు పేరు ధరణి. చిన్న వయసు. మధ్యాహ్నం భోజనాల వేళ, ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె గదిలోకి వెళ్ళి ఎదురుగా కూచున్నాను. సుకన్యని పక్కన కూచోబెట్టాను. అదొక్కటే నా ఎత్తు. సుకన్యకి అచ్చం తల్లి పోలికలు. ధరణి ఆమెని చూసి తెల్లబోయింది. వెంకాయమ్మని ఈ పిల్ల చూసిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

"వెంకాయమ్మ ఇక్కడికి వచ్చిందా?"

"నాకు తెలీదు మేడం."

"ఈ కుర్చీలోనే కూచుందా?"

ధరణి చూపు సుకన్య కూచున్న కుర్చీ మీద పడి వెనక్కి వచ్చింది.

"చూడమ్మా, నేను పోలీసుని కాదు. ఒక తండ్రి జైల్లో ఉన్నాడు. చెయ్యని పనికి. ఈ పిల్లే పెట్టించింది. అది నిజమో కాదో తెలీక పిచ్చెక్కిపోతోంది. మహాలక్ష్మి అనే ఆమె గొంతు విత్తనాలు అమ్ముతోంది. ఆమె ఒప్పుకోలేదు. ఎట్లా బయటికి పోయింది?"

ధరణి తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "మేము గొంతుల్ని ఇష్టమొచ్చిన దేశానికి పంపకూడదు మేడం. మన చట్టమంత గట్టి ప్రైవసీ చట్టం ఉందని గుర్తింపు పొందిన దేశానికే పంపాలి. మా సర్వర్లున్న దేశానికి ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు వచ్చాక ఇక ఫైలు ఫైలుకీ అనుమతి అడగక్కర్లేదు."

"పొందుగల చెక్‌పోస్టులో ఒక్క లారీని చూసి, ఈ ఓనరువన్నీ మంచి లారీలే అని గేటు ఎత్తి పెట్టినట్టు."

"అంతే. అయినా వాళ్ళ చట్టం మంచిదే మేడం. మనిషి ఒప్పుకోకుండా గొంతు ఎవరికీ అమ్మకూడదు. చెరిపెయ్యమంటే చెరిపెయ్యాలి. కాకపోతే అదంతా బతికున్న మనిషికే. చనిపోయినవాళ్ళకి ఆ చట్టం వర్తించదు. వాళ్ళ గొంతు ఎవరైనా కొనుక్కోవచ్చు."

"గుర్తింపు ఇచ్చిన పెద్దలు అది చూడలేదా?"

"చూశారు. చచ్చినవాళ్ళకి ప్రైవసీ ఏముందిలే అనుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను."

నాకు ఒక్కసారిగా వెలిగింది. మహాలక్ష్మి. పొద్దున కల్లంలో దగ్గుతూ నిలబడ్డ మనిషి. "మహాలక్ష్మిని చచ్చినట్టు రాసేశారు!"

ధరణి కళ్ళనిండా నీళ్ళు. "క్యాంపుకొచ్చిన అందరినీ మేడం. మూకుమ్మడిగా. మరణించారని సిస్టంలో ఒక్క గుర్తు పెడితే చాలు. చావుల్ని తనిఖీ చేసే ఇక్కడి వెరిఫయరు ధ్రువీకరిస్తే అవతల మళ్ళీ చూడరు. మనల్ని వాళ్ళు, వాళ్ళని మనం నమ్మాం గదా, అదే ఒప్పందం. ఆలుమగలిద్దరూ క్యాంపుకొస్తే మాత్రం వాళ్ళని వదిలేశారు, ఒకరి గొంతుతో ఇంకొకరికే ఫోన్ పోతే ఇంట్లోనే బయటపడుతుందని. అట్లా వెంకాయమ్మ గారూ, యల్లమంద గారూ మిగిలిపోయారు."

"ఆ వెరిఫయరు?"

"శ్రీహరి గారు."

చావుల్ని తనిఖీ చెయ్యడం నేర్పిన మనిషి. బతికున్న ఊళ్ళకి ఊళ్ళని చంపేసి జీతం తీసుకుంటున్నాడు.

సుకన్య అడిగింది, చాలా నెమ్మదిగా. "మా అమ్మ వచ్చి ఏమంది?"

"గట్టిగా అరిచిందండీ. మహాలక్ష్మి గొంతు తిరిగి ఇయ్యమంది. ఇయ్యకపోతే పేపరోళ్ళని పిలుస్తానంది. ఒక్క బతికున్న మనిషి బయటపడి ఫిర్యాదు ఇస్తే అవతలి దేశం విచారణ పెడుతుంది. గుర్తింపు ఆగిపోతుంది. కంపెనీ మూతే. శ్రీహరి గారు వచ్చి, 'పెద్దమ్మా, నేను ఊళ్ళో దింపుతా, దారిలో మాట్టాడుకుందాం' అని కార్లో ఎక్కించుకున్నారు. ఎక్కేముందు నాకు మంచినీళ్ళ గ్లాసు తిరిగిచ్చి, 'నీదేం తప్పు లేదులేమ్మా' అంది."

"ఎన్నింటికి?"

"పది దాటింది. పదకొండున్నరకి ఆమె పేరు మీద మరణం గుర్తు వచ్చింది. ఆ ఒక్క పేరే. మూకుమ్మడిలో కాదు, విడిగా."

పదకొండున్నరకి చనిపోయిందని రాశారు. నాలుగింటికి ఆమె గొంతు కూతురికి ఫోన్ చేసింది. ఆ గొంతు సర్వరు నుంచి బయటికి రావాలంటే ముందు ఆమె చచ్చినట్టు రాయాలి. రాశారు. ఆమె ఫోను ఎటూ శ్రీహరి చేతిలోనే ఉంది. రాసిన పాపానికి, చచ్చినవాళ్ళ గొంతులు కొనుక్కునే ఇంకో కంపెనీ తనంతట తానే వచ్చి పెద్దకర్మ మర్నాడు కూతురికి ఫోన్ కొట్టింది. శ్రీహరి లెక్కలోకి రానిది అదొక్కటే. ఆమె చనిపోయిన పదకొండున్నర వేళకి యల్లమంద గుంటూరు యార్డులో పదిమంది మధ్య బస్తాలు దించుతున్నాడు.

సుకన్య మొహం చేతుల్లో దాచుకుంది. "మా నాన్న కొట్టలేదు. నేను నమ్మలా. అబద్ధమని మొత్తుకున్నాడు, నేను నమ్మలా."

నేను ఆమె భుజం పట్టుకున్నాను గాని నా బుర్ర వేరేచోట ఉంది. శ్రీహరి యల్లమందకి బెయిలు ఎందుకు ఇప్పించాడు? పక్కవాడికి టీ ఇప్పించని మనిషి జామీనుదారుల్ని వెతికాడు, కారు పంపుతున్నాడు. భార్యని చంపుకున్నాడని ముద్ర పడ్డ మనిషి బయట ఉంటే ఇతనికేం లాభం?

"ధరణీ, అట్లా విడిగా గుర్తు పెట్టిన పేరు ఇంకోటి ఉందా?"

ఆమె కంప్యూటరు వైపు తిరిగింది. జాబితా కిందికి దించింది. ఒక పేరు దగ్గర ఆగి తెర మా వైపు తిప్పింది.

"ఇవాళ పొద్దున పెట్టారు. యల్లమంద."

జైల్లో ఉన్న మనిషి కాలవలో దూకలేడు. అందుకు బెయిలు. నిందితుడు కూడా చచ్చిపోతే కేసు విచారణకే రాదు.

*

సబ్ జైలు దగ్గరికి ఎట్లా వెళ్ళామో నాకు సరిగ్గా గుర్తు లేదు. గఫార్ మామ ఎన్నడూ లేంది పెళ్ళి సంబంధాలు మర్చిపోయి కారు తోలాడు. దారిలో పోలీసులకి ఫోన్ చేశాను. విషయం మొత్తం చెప్పేసరికి అవతలి కానిస్టేబులు, "బతికున్నోణ్ణి చచ్చిపోయాడని రాశారా? ఏ దేశంలో?" అన్నాడు. పైవాళ్ళకి చెబుతానన్నాడు. ధరణి తెరమీది పేజీలు నా ఫోన్‌కి పంపింది. ఆ పిల్ల ధైర్యానికి మనసులోనే మొక్కాను.

జైలుకి కాస్త అవతల తెల్ల కారు ఆగి ఉంది. వెనక తలుపు తెరిచి ఉంది. తలుపు పక్కన శ్రీహరి. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు.

యల్లమంద అప్పుడే గేటు బయటికి వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. గడ్డం పెరిగి, లుంగీ నలిగి ఉంది. ఎవరో తన కోసం తలుపు తెరిచి పెట్టారన్న మర్యాదకి తలవంచి అటువైపే నడుస్తున్నాడు పాపం.

"నాన్నా!"

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగాడు. కూతుర్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు, మళ్ళీ తిడుతుందేమోనని భయపడ్డట్టు. సుకన్య పరిగెత్తుకుంటూ పోయి ఆయన చెయ్యి పట్టుకుని మా కారు దగ్గరికి లాక్కొచ్చింది. నేను మధ్యలో నిలబడ్డాను. శ్రీహరి కదల్లేదు. చేతి గడియారం చూసుకున్నాడు.

ఆ చూపు నాకు నచ్చలేదు. ఎందుకో అర్థమయ్యేలోపే సుకన్య ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఆమె నా వైపు చూసి స్పీకరు పెట్టింది.

"అమ్మా, సుకన్యా. నేను, నాన్నని."

యల్లమంద ఉలిక్కిపడ్డాడు. ఆయన పెదవులు మూసే ఉన్నాయి.

"బయటికొచ్చానమ్మా. కానీ నీకు మొహం చూపించలేను. మీ అమ్మ చావుకి నేనే కారణం. ఆమె పోయిన కాలవకాడే ఉన్నా. నన్ను క్షమించు. నా కోసం వెతకబాక."

ఒక్క దగ్గు లేదు. ఒక్క తడబాటు లేదు. అయినా అది ఆయన గొంతే. ఈ పాటికి ఆయన ఆ తెల్ల కారులో, కాలవ దారిలో ఉండాల్సింది. జైల్లో ఆలస్యమవడం వల్ల మనిషి ఇక్కడే మిగిలాడు. ముందే వేళ పెట్టి ఉంచిన చివరి మాటలు మాత్రం వేళకి వచ్చేశాయి.

యల్లమంద చెయ్యి తన గొంతు మీదికి పోయింది. ఉందో లేదో చూసుకున్నట్టు తడుముకున్నాడు. కూతురి వైపు చూశాడు.

"నేను కాదమ్మా," అన్నాడు. ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. "ఇన్ని మాటలు నాకు రావు. వస్తే ఆ రోజే నీకు చెప్పుకునేవాణ్ణి, మీ అమ్మని నేను కొట్టలేదని."

సుకన్య ఆయన్ని పట్టుకుని భోరున ఏడ్చింది. "ఇప్పుడు చెప్పు నాన్నా. నేను వింటా. నువ్వే చెప్పు."

రోడ్డుకి అవతల తెల్ల కారు ముందు తలుపులు రెండూ తెరుచుకున్నాయి. ఇద్దరూ దిగి మా వైపు నడవడం మొదలుపెట్టారు. శ్రీహరి ఆదుర్దా పడటం లేదు. ఆయనకి ఎందుకు ఆదుర్దా? కూతురికి వీడ్కోలు చెప్పిన తండ్రి గొంతు రికార్డయింది. మరణం పొద్దున్నే నమోదైంది. కాగితాల మీద అన్నీ సక్రమంగా ఉన్నాయి, మనిషి ఒక్కడే ఇంకా బతికి ఉన్నాడు.

"మామా, బండి తియ్యి!" అని అరిచి, తండ్రీ కూతుళ్ళిద్దర్నీ వెనక సీట్లోకి తోశాను.